మన యాత్రాకథనాల్లో పాస్‌పోర్ట్ ఎందుకు కనపడదు?

తెలుగులో ఈమధ్య వస్తున్న విదేశీ యాత్రాకథనాల మీద నాకో ఫిర్యాదుంది. అందులో మొదటి ముద్దాయిని నేనే కాబట్టి ముందు నా కేసు చెప్తాను.

2023 జులైలో ఆఫీసు పని మీద పదిరోజులు యూరప్ వెళ్ళాను. పని అయిపోయాక రెండ్రోజులు బార్సిలోనాలో ఉండి, ఆదివారం పొద్దున్నే రైలెక్కి పోర్ట్‌బౌ అనే సముద్రపు ఒడ్డు ఊరికి పోయి రాత్రికి తిరిగొచ్చాను. ఇంటికొచ్చాక దాని మీద ఒక వ్యాసం రాశాను. అందులో నీలం సముద్రం ఉంది, గులకరాళ్ళ బీచ్ ఉంది, కొండ మీద తెల్లటి శ్మశానం ఉంది, నిమ్మకాయ పిండుకుని తిన్న వేపుడు చేప ఉంది, మధ్యమధ్యలో వాల్టర్ బెంజమిన్ ఉన్నాడు. చదివినవాళ్ళు బాగుందన్నారు. ఒకాయన "మమ్మల్ని కూడా తీసుకెళ్ళిపోయారండీ" అన్నాడు. మన దగ్గర యాత్రాకథనానికి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయి కూడా చదివింది. లంచ్ దగ్గర ఒకటే ప్రశ్న అడిగింది.

"బానే రాశావు. ట్రైన్‌లో నిన్నెవరూ పాస్‌పోర్ట్ అడగలేదా?"

అడిగారు. నేను రాయలేదు.

*

అసలు పోర్ట్‌బౌ గురించి నాకు చెప్పింది ఆమే. నేను బీటెక్‌లో సర్క్యూట్లు చదువుకున్న రకం. సాహిత్య విమర్శంతా ఆఫీసు బస్సులో, ఫోన్‌లో పీడీఎఫ్‌లు తెరిచి నేర్చుకున్నదే. ఆమె నాకంటే ముందు నుంచి చదువుతోంది. తణుకులో వాళ్ళ నాన్నకి చిన్న ఎలక్ట్రికల్ షాపుంది. ఆ షాపు కౌంటర్ వెనక కూర్చుని చదవటం మొదలుపెట్టానని చెప్తుంటుంది. బెంజమిన్‌ని నాకు పరిచయం చేసింది కూడా ఆమే. ఆఫీసు పనికి మా ఇద్దరినీ పంపుతున్నారని తెలియగానే, "చివర్లో ఒక రోజు మిగుల్చుకుని పోర్ట్‌బౌ పోదాం, ఆయన సమాధి చూద్దాం" అని ప్లాన్ చేసింది కూడా ఆమే. బార్సిలోనా నుంచి రైళ్ళ టైమింగులు ఒక షీట్‌లో పెట్టింది. ఆ షీట్ పట్టుకునే నేను వెళ్ళాను.

ఇద్దరం ఒకే వారంలో వీసాకి అప్లై చేశాం. ఒకే ఆహ్వాన లేఖ, ఒకే కంపెనీ లెటర్, ఒకే మేనేజర్ సంతకం. 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు ఒకే చోట తీసుకున్నాం. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, హోటల్ బుకింగులు, వేలిముద్రలు. అప్పట్లో ఫీజు 80 యూరోలు. నా పాస్‌పోర్ట్ స్టిక్కర్‌తో వచ్చింది. ఆమెది ఒక కాగితంతో వచ్చింది. ఆ కాగితంలో కారణాల జాబితా ముందే అచ్చు వేసి ఉంటుంది, ఒక గడిలో టిక్కు పెట్టి ఇస్తారు. గడువు లోపల తిరిగి వెళ్ళిపోతుందన్న నమ్మకం కలగలేదని ఆమె టిక్కు సారాంశం. ఫీజు వెనక్కి రాదు.

మా ఇద్దరికీ తేడా ఏమిటి? నాకు పెళ్ళయింది, హైదరాబాద్‌లో ఒక ఫ్లాటూ దాని మీద లోనూ ఉన్నాయి. ఆమెకి పెళ్ళి కాలేదు, అద్దె ఇంట్లో ఉంటుంది. కారణం అదేనని నేను రుజువు చెయ్యలేను. ఆ గడిలో టిక్కు తప్ప వివరణ ఉండదు. అయితే జీవితంలో మొదటిసారి నా హోంలోన్ నాకు సాహిత్యపరంగా ఉపయోగపడిందని మాత్రం చెప్పగలను.

ఇది నా వ్యాసంలో లేదు. ఆ ఊరికి నన్ను పంపిన మనిషి, ఆమె ఎందుకు రాలేకపోయిందో, ఏదీ లేదు. "ఒక మిత్రురాలి సూచన మేరకు" అని ఒక ముక్క రాసి దాటేశాను.

*

ఇప్పుడు నేను చూసిన ఊరు ఎలాంటిదో చెప్పాలి. అప్పుడే నేను దాచిపెట్టిన విషయం ఎంత సిగ్గుచేటో తెలుస్తుంది.

పోర్ట్‌బౌ స్పెయిన్‌లో, కాటలోనియా ఉత్తరపు కొసన, పిరనీస్ కొండలు మధ్యధరా సముద్రంలోకి దిగిపోయే చోట ఉంది. జనాభా వెయ్యి పైచిలుకు. అంత చిన్న ఊరికి ఇనుము, గాజుతో కప్పు వేసిన పేద్ద రైల్వే స్టేషన్ ఉంది. మొదట చూసినప్పుడు పొరపాటున వేరే ఊళ్ళో దిగానేమో అనుకున్నాను. కారణం ఇంజనీరింగే. స్పెయిన్ పాత లైన్ల పట్టాల మధ్య వెడల్పు 1668 మిల్లీమీటర్లు, ఫ్రాన్స్‌లో 1435. ఒక దేశపు రైలు మామూలుగా రెండో దేశంలోకి పోలేదు. మనుషులు దిగి మారాలి, సరుకు దించి ఎక్కించాలి. మా భాషలో చెప్పాలంటే రెండు సిస్టమ్‌ల మధ్య ఇంటర్‌ఫేస్ కుదరక, ఆ కుదరకపోవటం మీదే ఒక ఊరు బతికింది. కస్టమ్స్ వాళ్ళు, పోలీసులు, సరుకు ఏజెంట్లు, హమాలీలు. 1993లో యూరప్ దేశాల మధ్య కస్టమ్స్ తనిఖీలు పోయాయి. 1995 మార్చి 26 నుంచి స్పెయిన్, ఫ్రాన్స్‌తో సహా ఏడు దేశాల మధ్య షెంగెన్ ఒప్పందం అమల్లోకి వచ్చింది. సరిహద్దు పోయింది, దాంతో ఊరి పనీ పోయింది. హైస్పీడ్ రైళ్ళు ఇప్పుడు వేరే దారిలో, కొండ కింద సొరంగంలోంచి పోతాయి. పోర్ట్‌బౌలో మిగిలింది ఆ స్టేషన్, ఎండాకాలంలో స్నానాలకొచ్చే జనం, ఒక సమాధి కోసం వెతుక్కుంటూ వచ్చే నాలాంటివాళ్ళు.

1940 సెప్టెంబరులో ఇక్కడికి బెంజమిన్ కొండ మీదుగా నడిచొచ్చాడు. బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. 1939లో జర్మనీ ఆయన పౌరసత్వం రద్దు చేసింది. అప్పటికి వయసు 48, గుండె జబ్బు. ఆయన దగ్గర కాగితాలు లేకపోలేదు. అమెరికా వీసా ఉంది. స్పెయిన్ మీదుగా, పోర్చుగల్ మీదుగా పోవటానికి ట్రాన్సిట్ వీసాలున్నాయి. లేనిదల్లా ఫ్రాన్స్ వదిలి పోవటానికి ఇచ్చే ఎగ్జిట్ వీసా. అందుకే దొంగదారి. లిసా ఫిట్కో అనే ఆవిడ దారి చూపించింది. ఆమె తర్వాత రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం, ఆయన గడియారం చూసుకుంటూ పది నిముషాలు నడిచి ఒక నిముషం ఆగేవాడు, అలిసిపోకముందే ఆగాలని. చేతిలో నల్లటి బ్రీఫ్‌కేస్, అందులో రాతప్రతి. పోర్ట్‌బౌ పోలీసులు ఎగ్జిట్ వీసా లేనివాళ్ళని తిరిగి ఫ్రాన్స్‌కి అప్పగిస్తామన్నారు. ఆ రాత్రి హోటల్ గదిలో మార్ఫిన్ మింగి చనిపోయాడు. ఆయనతో వచ్చినవాళ్ళని తర్వాత పోనిచ్చారు. బ్రీఫ్‌కేస్‌లో ఉన్న రాతప్రతి ఇవాళ్టికీ దొరకలేదు.

శ్మశానంలో ఆయన కోసం అయిదేళ్ళకి ఒక గూడు అద్దెకి తీసుకున్నారు. రికార్డులో పేరు తిరగేసి "బెంజమిన్ వాల్టర్" అని రాశారు. కొన్ని నెలల తర్వాత హానా అరెంట్ వచ్చి వెతికితే ఆ పేరుతో సమాధి కనపడలేదు. అద్దె గడువు తీరాక ఎముకల్ని ఉమ్మడి గోతిలోకి మార్చారు. అంటే నేను చూడటానికి పోయిన సమాధి నిజానికి సమాధి కాదు, తర్వాత పెట్టిన ఒక రాయి. దాని మీద వచ్చినవాళ్ళు గులకరాళ్ళు పెట్టిపోతుంటారు. నేనూ ఒకటి పెట్టాను, ఫోటో తీసుకున్నాను.

శ్మశానం బయట డానీ కరవాన్ అనే శిల్పి 1994లో పూర్తిచేసిన స్మారకం ఉంది. తుప్పు రంగు ఉక్కు పలకలతో కట్టిన ఇరుకు దారి, కొండలోంచి సముద్రంలోకి దిగే మెట్లు. దిగుతూ పోతే చివర గాజు పలక అడ్డం. దాని వెనక నీళ్ళు కనపడతాయి కానీ పోలేవు. ఆ గాజు మీద చెక్కిన బెంజమిన్ మాటలు పేరు లేని జనాన్ని గుర్తు పెట్టుకోవటం గురించి. మా పక్క సీటమ్మాయి చూడాలనుకున్నది ఈ గాజు. ఆమె దీని గురించి ఎంత చదివిందంటే, మెట్లు దిగుతుంటే ఇదివరకు చూసిన చోటికే పోతున్నట్టు అనిపించింది నాకు.

*

ఇక రైలు సంగతి.

మధ్యాహ్నం సముద్రంలో మునిగి, తిని, సాయంత్రం దాకా టైముంది కదా అని సొరంగం అవతల, ఒక్క స్టేషన్ దూరంలో ఉన్న ఫ్రాన్స్ ఊరు సెర్‌బేర్‌కి పోయొద్దామనుకున్నాను. కొన్ని నిముషాల ప్రయాణం. ఎండలో ఎర్రబడ్డ టూరిస్టులతో బోగీ సగం నిండింది. టవళ్ళు, సన్‌స్క్రీన్ వాసన. అవతల స్టేషన్‌లో ఆగగానే ఇద్దరు పోలీసులు ఎక్కారు. 2015 నవంబరు నుంచి ఫ్రాన్స్ తన సరిహద్దుల్లో మళ్ళీ తనిఖీలు పెట్టుకుంది, ఇప్పటికీ పొడిగిస్తూనే ఉంది. షెంగెన్ లోపల సరిహద్దుల్లేవనేది అందరికీ ఒకేలా వర్తించే వాక్యం కాదు.

మా బోగీలో వాళ్ళు ముగ్గుర్ని అడిగారు. ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళు, నేను. టవళ్ళ వాళ్ళని ఎవర్నీ అడగలేదు. నేను బ్యాగ్ లోపలి జిప్పు తీసి పాస్‌పోర్ట్ ఇచ్చాను. స్టిక్కర్ చూశాడు, నా మొహం చూశాడు, ఇచ్చేశాడు. కుర్రాళ్ళిద్దర్నీ దించేశారు. వాళ్ళలో చిన్నవాడు దిగేముందు సీటు మీద మర్చిపోయిన వాటర్ బాటిల్ తీసుకోవటానికి వెనక్కి వచ్చాడు. నేనూ అదే స్టేషన్‌లో దిగాను, వేరే వైపు నడిచాను.

ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. రావలసింది. నాకు హాయిగా అనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే కొంచెం గర్వం కూడా. నేను పక్కా కాగితాలున్నవాణ్ణి, వాళ్ళలాంటివాణ్ణి కాదు. గంట కిందట పేరు లేనివాళ్ళ గురించి గాజు మీద చదివి ఫోటో తీసుకున్న మనిషి ఆలోచన ఇది. సెర్‌బేర్‌లో కాఫీ తాగి తిరిగొచ్చాను. వ్యాసంలో సెర్‌బేర్ పేరే ఎత్తలేదు. ఎత్తితే ఆ కుర్రాళ్ళ గురించి రాయాలి, వాళ్ళ గురించి రాస్తే నా గురించి రాయాలి.

*

కేసు ఇది. ఇప్పుడు ఫిర్యాదు.

మన యాత్రాకథనాల్లో యాత్రికుడు గాల్లోంచి ఊడిపడతాడు. మొదటి పేరాలో విమానం దిగుతాడు, రెండో పేరాలో చల్లగాలి తగులుతుంది. ఎవరు డబ్బు పెట్టారు, ఏ ఉద్యోగం సెలవిచ్చింది, ఏ స్టిక్కర్ లోపలికి రానిచ్చింది, ఏమీ ఉండదు. ఊరు శుభ్రంగా ఉందంటాడు, ఆ పొద్దున వీధి ఊడ్చినవాడు ఏ దేశం నుంచి వచ్చాడో చూడడు. చివరి పేరాలో మనుషులంతా ఒకటే అని తేల్చేసి ఇంటికొస్తాడు. మనుషులంతా ఒకటే అయితే ఇమిగ్రేషన్ దగ్గర వరసలు రెండెందుకున్నాయో అడగడు. ఆ వరసలో నిలబడ్డ నలభై నిముషాలు వ్యాసంలోంచి కత్తిరించేస్తాడు, ఎందుకంటే అది "అందంగా" ఉండదు.

మనకి "సంచారి" అనే మాటంటే మహా ఇష్టం. రాహుల్ సాంకృత్యాయన్ పేరు చెప్పి, సంచి తగిలించుకో, బయల్దేరు అని యువతకి ఉద్బోధలు చేస్తుంటాం. ఆయన 1929లో టిబెట్‌కి పోయింది మారువేషంలో, పట్టుబడతానన్న భయంతో. అంటే మన సంచార సాహిత్యపు మూలపురుషుడు ఆ ప్రయాణంలో సరైన కాగితాల్లేని మనిషి. ఆ భయాన్ని తీసేసి రొమాన్స్ ఒక్కటే ఉంచుకున్నాం.

ఇంకొంచెం చదువుకున్నవాళ్ళం "ఫ్లానర్" అంటాం. నగరంలో పనేమీ లేకుండా తిరుగుతూ చూసేవాడు. ఆ మాటని మనదాకా తెచ్చినవాడు బెంజమినే. ఆ మాట వాడి నేనే రెండు వ్యాసాలు రాశాను. దాని మీద అంత రాసినవాడి చివరి నడక మాత్రం పది నిముషాలు నడక, ఒక నిముషం ఆగటం. దారి మధ్యలో ఊరికే నిలబడి చూసే హక్కు అందరికీ ఉండదని ఆయనకి చివరికి కాళ్ళతో తెలిసింది. మనం ఆ మొదటి సగాన్ని కోట్ చేసి రెండో సగాన్ని వదిలేస్తున్నాం.

పాతవాళ్ళు ఇలా లేరు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. ఆయన పుస్తకంలో దారి ఎలా ఉంది, మజిలీలో ఏం దొరుకుతుంది, ఏ ప్రాంతం ఎవరి ఏలుబడిలో ఉంది, అన్నీ ఉంటాయి. ప్రయాణమంటే ఒకరి అధికారంలోంచి ఇంకొకరి అధికారంలోకి పోవటమని ఆయనకి తెలుసు. దాదాపు రెండొందలేళ్ళ తర్వాత అదే భాషలో రాస్తూ, చేతిలో గూగుల్ మ్యాప్స్ ఉండి, మనం ఆ విషయం మర్చిపోయాం. ముందుకెళ్ళామా వెనక్కొచ్చామా?

*

దీనికి ఏం సమాధానాలొస్తాయో తెలుసు. కొన్ని నాకు నేనే చెప్పుకున్నవి.

మొదటిది, సెలవు రోజు కూడా రాజకీయాలేనా? సముద్రం చూసి సంతోషించటం తప్పా? కాదు. ఆ నీళ్ళలో గంటన్నర ఉన్నాను, ఆ గంటన్నరనీ వెనక్కివ్వను. నేను అపరాధభావం అడగటంలేదు, వివరం అడుగుతున్నాను. అదే మధ్యధరా సముద్రంలో, ఐక్యరాజ్యసమితి వలసల సంస్థ లెక్క ప్రకారం, 2014 నుంచి చనిపోయినవాళ్ళూ గల్లంతైనవాళ్ళూ పాతికవేల పైనే. బీచ్‌లో కూర్చున్న ప్రతివాడూ ఆ లెక్క వల్లించక్కర్లేదు. కానీ ఆ సముద్రం మీద నాలుగు పేజీలు రాసి, అది కొందరిని ఒడ్డుకి చేర్చదన్న సంగతి ఒక్క చోటయినా తగలకపోతే, రాసినవాడు సముద్రాన్ని సరిగా చూడలేదని అర్థం. ఇది నీతికంటే ముందు చూపుకి సంబంధించిన లోపం. విమర్శ పట్టుకోవలసింది దాన్నే.

రెండోది కాస్త బరువైనది. ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వీసా రాకపోవటాన్ని తీసుకొచ్చి బెంజమిన్ చావు పక్కన పెడతావా? పెట్టను. ఆ కాగితం వచ్చిన రోజు ఆమె మామూలుగానే ఆఫీసుకొచ్చింది, స్టాండప్ కాల్‌లో మాట్లాడింది, నాకు టీ ఇప్పించింది. ఆ రైలు కుర్రాళ్ళ కష్టమూ ఆమె కష్టమూ కూడా ఒకటి కాదు. కష్టాల్ని ఒకే తక్కెడలో తూచటం అసభ్యం. నేననేది వేరు. బెంజమిన్ ఎందుకు చచ్చిపోయాడో చెప్పే ప్రతి వాక్యంలోనూ ఒక వీసా పేరుంటుంది. ఆ ఊరికి పోవటానికి నాకు ఒక వీసా కావలసొచ్చింది. ఈ రెండు వాక్యాలూ నా వ్యాసంలో పక్కపక్కన రాకుండా నేను ఎంత జాగ్రత్తపడ్డానో ఇప్పుడు చూసుకుంటే భయమేస్తుంది. 1940 నాటి కాగితాల గురించి కన్నీళ్ళు పెట్టుకుని, నా జేబులో ఉన్న 2023 నాటి కాగితాన్ని దాచుకున్నాను. చరిత్ర అయితే ఎవరికీ ఇబ్బంది లేదు.

మూడోది, పాఠకులకి ఇదంతా బోరు, వీసా క్యూల గురించి ఎవరు చదువుతారు? నా అనుభవంలో ఇది అబద్ధం. యూరప్ నుంచి వచ్చాక నన్ను కలిసిన పాతికేళ్ళ పిల్లలు ఆ గాజు గురించి అడగలేదు. "అన్నా, వీసా ఎన్ని రోజుల్లో వచ్చింది? బ్యాంకులో ఎంత చూపించావు?" అని అడిగారు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో వీసా మీద ఉన్నంత కథ దేని మీదా లేదు. చిలుకూరు బాలాజీకి వీసా దేవుడని పేరే పెట్టుకున్నాం. కాన్సులేట్ ఇంటర్వ్యూకి పోయేముందు అమ్మలు పెరుగు పంచదార నోట్లో పెడతారు. ఇంత భయం, ఇంత ఆశ, ఇంత హాస్యం ఉన్న వస్తువుని వదిలేసి సూర్యాస్తమయాన్ని వర్ణిస్తున్నాం. సూర్యుడు అన్ని దేశాల్లోనూ ఉచితంగానే అస్తమిస్తున్నాడు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. విదేశీ యాత్ర మీద రాసే ప్రతివాళ్ళూ మూడు సంగతులు చెప్పండి. అక్కడికి ఏ కాగితంతో, ఎవరి డబ్బుతో పోయారు? మీతో రావలసినవాళ్ళలో ఎవరు రాలేకపోయారు? అక్కడ మీ కళ్ళముందు ఎవర్ని ఆపారు, ఎవర్ని ఆపలేదు? ఇవి చెప్పాక సముద్రాన్ని ఎంత నీలంగా కావాలంటే అంత నీలంగా రాసుకోండి. సంపాదకులు కూడా ఇవి లేకపోతే "ఎలా వెళ్ళారు?" అని మార్జిన్‌లో రాసి వెనక్కి పంపండి. నా వ్యాసాన్ని అలా ఎవరైనా వెనక్కి పంపుంటే బాగుండేది.

ఇది రాయటానికి ముందు ఆమె పర్మిషన్ అడిగాను. "తణుకు పేరు పెట్టుకో, నా పేరు వద్దు" అంది. మళ్ళీ అప్లై చేస్తోంది. ఈసారి మూడేళ్ళ ఐటీ రిటర్నులు, నాన్న షాపు లైసెన్సు కూడా జత చేస్తోంది, ఎందుకు పనికొస్తాయో ఇద్దరికీ తెలీదు. వస్తే ఒక్కతే పోతుందట. నేను దారి చెప్పబోతే ఆపేసింది.

"రైళ్ళ టైమింగులు నా దగ్గరున్నాయి. ఆ కుర్రాళ్ళని ఏ ప్లాట్‌ఫామ్ మీద దించారో అది చెప్పు" అంది.

చెప్పలేకపోయాను. నేను అటు చూడలేదు.